కుచ్చిళ్ళలో వల ముడి

పోయిన వారం నెట్టాని ఎక్కడ వదిలేశామో గుర్తుందా? పోర్ట్ గార్వీ రేవు వీధిలో, డ్రై క్లీనింగ్ షాపు కౌంటరు వెనక, చేతిలో ఎవరిదో కోటు హ్యాంగరుతో. తలుపు మీది గంట మోగింది. తలెత్తి చూస్తే గుమ్మంలో అక్క ఇష్బెల్. పంతొమ్మిదేళ్ళుగా ఒకే ఊళ్ళో ఉంటూ, ఒకే చర్చిలో చెరో వైపు కూర్చుంటూ, రొట్టెల కొట్టు దగ్గర ఎదురుపడితే రోడ్డు దాటి పోయే అక్క. ఆమె చంకలో గోధుమరంగు కాగితపు పొట్లం ఉంది. అందులో ఏముందో విప్పకుండానే నెట్టాకి తెలిసిపోయింది. తన చేత్తో కుట్టిన ఆఖరి కిల్ట్ అది, స్కాట్లాండులో మగవాళ్ళు పండగలకి నడుముకి చుట్టుకునే కుచ్చిళ్ళ గళ్ళ బట్ట.

ఆ కిల్ట్ సంగతి ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. మీలో తెలియనివాళ్ళు ఉంటారేమోనని నాలుగు ముక్కల్లో చెప్తాను. పంతొమ్మిదేళ్ళ కిందట ఆటల పండగ నాడు ఇష్బెల్ మొగుడు మర్డో ఆ కిల్ట్ కట్టుకుని, ఊరి జెండా పట్టుకుని, బ్యాండు ముందు నడిచాడు. మైదానం మధ్యకి వచ్చేసరికి కిల్ట్ ఒక పక్కకి వాలిపోయింది. "మర్డో పడవలోకి నీళ్ళొచ్చాయిరోయ్, ఒరిగిపోతోంది!" అని మైకులో ఎవడో అరిచాడు. మైదానమంతా పగలబడి నవ్వింది. ఆ మధ్యాహ్నం టీ డేరాలో, ఊరి ఆడవాళ్ళందరి మధ్యా ఇష్బెల్ కప్పు కింద పెట్టి, "మా చెల్లెలు కుట్టింది మరి, ఇంకెలా ఉంటుంది?" అంది. ఆ ఒక్క మాట చాలింది. బ్యాండు వాళ్ళ పన్నెండు కిల్టుల పని పక్క పట్నం ఇన్వర్‌నెస్‌కి పోయింది. క్రిస్మస్ వచ్చేసరికి నెట్టా సూదుల డబ్బా అటకెక్కింది, నెట్టా ఈ కౌంటరు వెనక్కి వచ్చింది.

ఇష్బెల్ లోపలికి వచ్చి తలుపు వేసింది. సరిగ్గా పడిందో లేదో మళ్ళీ ఒకసారి నొక్కి చూసింది. షాపు ముందే బస్టాపు. అక్కడి బెంచీ మీద ముగ్గురు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. మధ్యలో కూర్చున్నది బెల్లా స్లేటర్, ఆనాడు డేరాలో అందరికీ టీ పోసిన మనిషి. ఆమె నోట్లో నువ్వుగింజ నానదని ఊరంతటికీ తెలుసు. అయినా ఊరంతా ఆమెకే అన్నీ చెప్తుంది.

నెట్టా హ్యాంగరు పక్కన పెట్టి టికెట్ల పుస్తకం ముందుకి లాక్కుంది.

"పేరు?"

"పేరా?" ఇష్బెల్ నోరు తెరిచింది. "నా పేరు అడుగుతున్నావా?"

"టికెట్ మీద రాయాలి. అందరినీ అడుగుతాను."

"ఇష్బెల్ మెయిన్. అమ్మ పెట్టిన పేరే, ఇంకా మార్చలేదు."

నెట్టా రాసుకుంది. 

"ఎప్పటికి కావాలి?"

"శుక్రవారానికి. శనివారం ఆటలు కదా. ఈ ఏడు జెండా మా లాక్లన్‌ చేతికిచ్చారు, వాళ్ళ నాన్న పోయిన ఏడని. వాడు నాన్న కిల్టే కట్టుకుంటానని పట్టుబట్టాడు. నిన్న ఒంటికి పెట్టి చూసుకున్నాడు. అది అలాగే..." ఇష్బెల్ మాట మింగేసింది.

"ఏడీ వాడు?"

"రేవు చివర వ్యానులో ఉన్నాడు. లోపలికి రాడు."

ఎందుకు రాడని నెట్టా అడగలేదు. అయిదేళ్ళప్పుడు తన ఒళ్ళో కూర్చుని బొత్తాల డబ్బాతో ఆడుకున్న పిల్లాడు ఇరవై నాలుగేళ్ళ వాడయ్యాడు. వీధిలో కనిపిస్తే చూపు సముద్రం వైపు తిప్పుకుంటాడు. వాడికి ఏ కథ చెప్పి పెంచారో ఆమెకి తెలుసు.

"ఇన్వర్‌నెస్‌లో పెద్ద షాపులున్నాయిగా," అంది నెట్టా. "బ్యాండు బట్టలన్నీ అక్కడికే పోతాయి. అంత మంచివాళ్ళని వదిలేసి ఇటెందుకొచ్చావు?"

"బస్సులో మోసుకుపోవాలిగా. నా మోకాళ్ళు బాగాలేవు."

"మీ ఇంట్లో వ్యాను ఉంది."

"విప్పి చూస్తావా, నన్ను పంపించేస్తావా?"

నెట్టా విప్పింది. గుప్పుమని కలరా ఉండల వాసన వచ్చింది. ముదురాకుపచ్చ గళ్ళు, నీలం గళ్ళు, వాటి మధ్య సన్నటి పసుపు గీత. ఎనిమిది గజాల ఉన్ని బట్ట కౌంటరు మీద బరువుగా పరుచుకుంది. ఆనాడు దీన్ని ఒక్కసారి చూపించమని మూడుసార్లు అక్క గుమ్మం దాకా వెళ్ళింది. మూడుసార్లూ తలుపు తియ్యలేదు. అప్పటినుంచి పంతొమ్మిదేళ్ళుగా దీన్ని మనసులోనే విప్పుతూ, మళ్ళీ కుడుతూ వచ్చింది. మర్డో నడుం ముప్పై ఆరా, ముప్పై ఏడున్నరా? తను కొలిచిన రోజు అతను ఊపిరి బిగబట్టాడా? కుడి పక్క ఒక కుచ్చు ఎక్కువ పెట్టిందా? ఎన్నిసార్లు లెక్కేసినా తప్పు దొరకలేదు. దొరకనందుకే భయం పెరిగింది. చేసిన తప్పు కూడా కనిపించనంత చేతకానిదాన్నా అనుకుంది.

బొటనవేలితో కుచ్చిళ్ళు లెక్కపెట్టింది. ఇరవై ఆరు. ప్రతి కుచ్చు మీదా గళ్ళు పక్క కుచ్చు గళ్ళతో కలిసి, వెనకంతా ఒకే గుడ్డగా, అసలు మడతే లేనట్టు ఉంది. పసుపు గీత ఎక్కడా తెగలేదు.

కుచ్చిళ్ళ మీద అడ్డంగా మూడు వరసల తెల్ల టాకాలున్నాయి, ఉతికాక తెంపేసే కచ్చా కుట్లు. పోర్ట్ గార్వీలో టాకాలు వెయ్యకుండా కిల్ట్‌ని షాపుకి పంపే ఇల్లు లేదు. టాకా లేకుండా యంత్రంలో వేస్తే కుచ్చిళ్ళు చెదిరిపోతాయి, మళ్ళీ ఇస్త్రీ చేసి కూర్చడానికి పూట పడుతుంది. అంతకంటే పెద్ద సంగతి, ఫలానా ఇల్లాలు టాకాలు లేకుండా పట్టుకొచ్చిందట అని బెల్లా స్లేటర్‌కి తెలిస్తే ఆ ఇంటి పరువు బజారున పడుతుంది. ఈ టాకాలు వేసిన చెయ్యి మాత్రం మొరటుది. దారం లావు, కుట్లు వేలెడేసి దూరం. అమ్మ ఉంటే చూసి ముక్కు మీద వేలేసుకునేది. నెట్టా పెదవి కొరికి నవ్వు ఆపుకుంది. పంతొమ్మిదేళ్ళలో అక్కని చూసి నవ్వు రావడం ఇదే మొదటిసారి.

తరవాత కిల్ట్‌ని నడుముకి చుట్టినట్టు చుట్టి, మూడు బకిళ్ళూ పెట్టి, కౌంటరు అంచునుంచి కిందకి వేలాడదీసింది. ముందు పొర మెల్లగా కుడివైపు దిగింది. పసుపు గీత ఏటవాలుగా నిలబడింది.

"ఇంకా వాలుతోంది," అంది నెట్టా.

ఇష్బెల్ కిటికీలోంచి బస్టాపు కేసి చూస్తోంది.

నెట్టా మెడలో వేలాడుతున్న కళ్ళజోడు పెట్టుకుంది. కుడి పక్కకి వంగింది. కింది బకిల్ తను కుట్టిన చోటే ఉంది, నల్ల దారం, మైనం పూసి లాగిన కుట్టు. పైది అలా లేదు. దాని వెనక చిన్న చదరం మేర బట్ట రంగు ముదురుగా ఉంది. ఎండ తగలని చోటు అది. చదరం చుట్టూ సూది బెజ్జాలు. తను వేసిన బెజ్జాలే, పద్దెనిమిది, లెక్క ప్రకారం. బకిల్ అక్కడినుంచి లేచి ముందుకి జరిగింది. అస్తరు ఎత్తి లోపల చూసింది. తారు పట్టిన గోధుమరంగు దారం, చివర ఒక గట్టి ముడి. నెట్టా ఎన్నడూ బకిల్‌కి ముడి వెయ్యదు. వెనక్కి నాలుగు కుట్లు వేసి తెంపుతుంది. ఈ ముడి బట్టలు కుట్టేవాళ్ళది కాదు. చేపల వల అల్లేవాళ్ళది.

ఆమె వెనకున్న స్టూలు వెతుక్కుని కూర్చుంది.  ఏడుపు రాలేదు. గుండెల మీదనుంచి ఎవరో పెద్ద బరువు దించుతున్నట్టుంది, ఆ దించడం కూడా నొప్పిగానే ఉంది.

"తప్పు నాది కాదు," అంది, తనకి తనే చెప్పుకుంటున్నట్టు. తరవాత అక్క వైపు తిరిగి మామూలు గొంతుతో అంది, "ఈ బకిల్ నేను కుట్టిన చోట లేదక్కా."

ఇష్బెల్ కిటికీ దగ్గరనుంచి ఇటు తిరిగింది.

"వేలెడు ముందుకి జరిపారు, అర వేలు కిందకి దించారు. అదీ పైది ఒక్కటే. రెండోదాన్ని ముట్టుకోలేదు. ఒకదాన్ని వదిలేసి ఒకదాన్ని జరిపితే వాలక ఏం చేస్తుంది? పైగా వల ముడి. బావేనా?"

ఇష్బెల్ తన చేతిసంచి పట్టీని వేలికి చుట్టుకుంది.

"ఆ వసంతంలో ఆయనకి పొట్ట వచ్చింది," అంది. "బకిల్ అందలేదు."

"ఇంతేనా?" నెట్టా గొంతు లేచింది, వెంటనే తగ్గింది. "నా దగ్గరికొస్తే పావుగంట పని! నవ్వుతానని భయపడ్డాడా? నవ్వేదాన్నే అనుకో. నవ్వి కుట్టి పంపేదాన్ని."

అప్పుడు ఆమెకి చేపలు గుర్తొచ్చాయి. ప్రతి ఏడూ ఎండాకాలం చివర్లో శుక్రవారాలు మర్డో పాత న్యూస్‌పేపర్లో చుట్టిన చేపలు ఆమె గుమ్మంలో పెట్టి, తలుపు తట్టకుండా పోయేవాడు. పోస్టాఫీసులో కనిపిస్తే టోపీ తీసి నేల చూపులు చూసేవాడు. జాలి పడుతున్నాడనుకుని ఆమె ఆ చేపలన్నీ పక్కింటి పిల్లికి పెట్టేది. అది జాలి కాదన్నమాట, తప్పు చేసినవాడి తిప్పలన్నమాట. ఆ మొండి మనిషి ఒక్కసారి తలుపు తట్టి ఉంటే ఎంత బాగుండేది!

"పోయినవాడి మీద ఇప్పుడెందుకులే," అంది ఇష్బెల్, కళ్ళు ఎత్తకుండా. "శుభ్రం చేసి, ఆ బకిల్ దాని చోట పెట్టి ఇయ్యి. లాక్లన్‌ నడుం సన్నం, సరిపోతుంది."

నెట్టా తలూపింది. పోయినవాడితో పోట్లాడి ఏం లాభం? పెన్సిలు తీసుకుని టికెట్ మీద "బకిల్ మార్చాలి" అని రాసింది. యంత్రంలో వేసేముందు టాకాలు గట్టిగా ఉన్నాయో లేదో చూడటం అలవాటు కనక, రాస్తూనే ఎడమ చేత్తో కుచ్చిళ్ళు తడిమింది. మొదటి వరస చివర వేలికి ఏదో గరుకుగా తగిలింది. రెండో వరస చివరా తగిలింది. మూడో వరస చివరా.

ఆమె పెన్సిలు కింద పెట్టింది. టాకా చివర తిప్పి చూసింది. తరవాత అస్తరు ఎత్తి బకిల్ కింద చూసింది. మళ్ళీ టాకా చూసింది. దారాలు వేరు, ముడి ఒకటే. రెండుసార్లు చుట్టి, వేలి మీదనుంచి తిప్పి, కిందకి లాగి బిగించిన ముడి.

"అక్కా, ఈ టాకాలు ఎవరు వేశారు?"

"నేనే. నిన్న పొద్దున. టాకాలు లేకుండా తెస్తే నువ్వేమంటావోనని..." ఇష్బెల్ ఆగిపోయింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, కుడి చెయ్యి తెచ్చి కోటు జేబులో దాచుకుంది.

"బావ పోయింది ఫిబ్రవరిలో," అంది నెట్టా.

వెనక గదిలో యంత్రం తిరగడం ఆగింది. 

"ఆయనకి వల ముడి ఎప్పుడూ రాలేదు," అంది ఇష్బెల్. గొంతులో ఇందాకటి బిగువు లేదు. "పడవ నడపమంటే నడిపేవాడు. చిరిగిన వలలన్నీ నేనే బాగుచేసేదాన్ని. నీకు తెలుసుగా, అమ్మ నీకు సూదిచ్చింది, నాకు వల ఇచ్చింది. 'నీది బరువు చెయ్యి ఇష్బెల్, నువ్వు గుడ్డ జోలికి పోకు' అంది. నాకప్పుడు పదకొండేళ్ళు."

"అయితే?"

"అయితే ఏముంది. పండగ పొద్దున ఆయన ఎంత ఊపిరి బిగబట్టినా బకిల్ అందలేదు. నెట్టాకి కబురు పంపుదాం అన్నాడు. అన్నిటికీ మీ మరదలేనా, ఒక్క బకిల్ నేను కుట్టలేనా అన్నాను. కుట్టాను. అద్దంలో బాగానే ఉంది. నడిస్తే వాలుతుందని నాకేం తెలుసు? మైదానంలో జనం నవ్వుతుంటే నేల చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది. డేరాలోకి రాగానే బెల్లా అడిగింది, ఎవరు కుట్టారే అని. కుట్టింది నువ్వే కదా. అబద్ధం కూడా కాదు అనుకున్నాను."

"ఆడలేక మద్దెల ఓడంటే విన్నాను. మద్దెల వాయించేవాళ్ళ పొట్ట కొట్టడం ఇప్పుడు చూస్తున్నాను."

"అను. ఇంకా అను."

"ఇంకేం అనను. బావకి తెలుసా?"

"తెలియకేం? కళ్ళెదుటే కదా కుట్టాను. ఇంటికెళ్ళగానే మీ చెల్లెలికి చెప్పు అన్నాడు. రేపు చెప్తానన్నాను. ఎల్లుండి అన్నాను. బ్యాండు వాళ్ళు ఇన్వర్‌నెస్ వెళ్ళిపోయాక ఇంక నాకు మొహం చెల్లలేదు. ఆయన మళ్ళీ అడగలేదు. కిల్ట్ మాత్రం ఇంకెప్పుడూ కట్టలేదు. చేపలు పట్టుకుని ఇటొస్తుంటే వంటింటి కిటికీలోంచి చూసేదాన్ని."

నెట్టా కళ్ళజోడు తీసి కొంగులేని ఏప్రన్ అంచుతో తుడుచుకుంది. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి. కోపం రావాలి, వస్తుందని చూస్తోంది. వచ్చింది కానీ అది అరిచే కోపం కాదు. పంతొమ్మిదేళ్ళు పిల్లికి పెట్టిన చేపలన్నీ కళ్ళముందు తిరిగాయి. ఒక మంచి మనిషి పెళ్ళాం పరువు కోసం నోరు కట్టుకుని పోయాడు. ఒక నిమిషం కిందటి దాకా ఆ మనిషినే తను తిట్టుకుంది, అక్క ఊరుకుంది.

"ఇప్పుడు కూడా బావ మీదకే తోసేశావు," అంది.

"తోసేశాను." ఇష్బెల్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నిజం చెప్దామనే వచ్చాను నెట్టా. తీరా నువ్వు బావేనా అని అడిగేసరికి, అంత సులువుగా దారి దొరికేసరికి..."

"పని పోయినందుకు కాదక్కా. పని పోతే ఇంకో పని దొరికింది. తప్పు నాదేనేమో అని నమ్మాను చూడు, అందుకు. నా చేతుల్ని నేనే నమ్మలేదు. బొత్తాం ఊడినా కుట్టుకోవడానికి భయపడ్డాను. తెలుసా నీకు?"

ఇష్బెల్ తల అడ్డంగా ఊపింది. ఆమెకి నిజంగానే తెలియదు. ఆమె ఊహించుకున్నది కోపాన్నే. దాన్ని తట్టుకోవడానికి సిద్ధపడే వచ్చింది. దీనికి సిద్ధపడలేదు.

"లాక్లన్‌కి ఏం చెప్పావు?" అడిగింది నెట్టా.

"ఊరికి చెప్పిందే."

"వాడికి ఎవరు చెప్తారు?"

"నేనే. శనివారం అయిపోనీ. వాడు జెండా పట్టుకుని నడవనీ, ఆ తరవాత ఇంట్లో కూర్చోబెట్టి మెల్లగా..."

"రేపు, ఎల్లుండి."

ఇష్బెల్ పెదవులు బిగించుకుంది.

"ఏం చెయ్యమంటావో చెప్పు. నీ కాళ్ళు పట్టుకోనా?"

"మోకాళ్ళు బాగాలేవన్నావుగా," అంది నెట్టా. ఇద్దరికీ ఒక్క క్షణం నవ్వు వచ్చినట్టే వచ్చి పోయింది. "బకిల్ నేను కుడతాను. అటక మీదనుంచి డబ్బా దింపుతాను. నీకోసం కాదు, నా పని నేను సరిగ్గా చూసుకోవాలి. కానీ నువ్వు ఇందాక తలుపు వేసి, పడిందో లేదో రెండుసార్లు చూసుకుని, నా ఒక్కదాని చెవిలో చెప్పావు. ఆ రోజు చెప్పింది ఇలా కాదు. డేరాకి తలుపులుండవు కదక్కా."

ఇష్బెల్ కిటికీ వైపు చూసింది. బెంచీ మీద బెల్లా స్లేటర్ సంచిలోంచి ఏదో తీసి ఇద్దరికీ పంచుతోంది. బస్సు రావడానికి ఇంకా పావుగంట ఉంది.

గంట మోగింది. తలుపు తెరుచుకుంది. లాక్లన్‌ గుమ్మం బయటే నిలబడ్డాడు. తండ్రి భుజాలు, తల్లి ఎర్రజుట్టు.

"అమ్మా, చేపల లారీకి వ్యాను అడ్డమట, తియ్యమని అరుస్తున్నారు. ఇంకా ఎంతసే..." వాడి చూపు కౌంటరు మీద పడింది. నెట్టా చేతుల కింద తండ్రి కిల్ట్ పరిచి ఉంది. "డ్రై క్లీనింగుకే కదా అన్నావు! మళ్ళీ ఈవిడ చేతికే కుట్టడానికి ఇస్తున్నావా? ఇన్వర్‌నెస్ పోదామంటే విన్నావా? నాన్నని చూసి ఊరంతా నవ్వింది చాలదా, శనివారం నన్ను చూసి కూడా నవ్వాలా?"

బెంచీ మీద మాటలు ఆగిపోయాయి. మూడు తలలూ ఒకేసారి ఇటు తిరిగాయి.

నెట్టా నోటిదాకా జవాబు వచ్చింది. చెప్పే హక్కు ఆమెకి ఉంది. రుజువు వేలి కిందే ఉంది. ఆమె ఆ ముడి మీద వేలు ఆనించి, అక్క మొహం చూస్తూ ఊరుకుంది.

లాక్లన్‌కి వీధిలో గొంతెత్తానని అప్పుడు తెలిసొచ్చింది. చెవులు ఎర్రబడ్డాయి. ఒక అడుగు లోపలికి వేసి, తలుపు మూద్దామని వెనక్కి చెయ్యి చాపాడు.

"వెయ్యకు," అంది ఇష్బెల్.

"ఏంటమ్మా?"

ఇష్బెల్ కోటు జేబులోంచి కుడి చెయ్యి బయటికి తీసింది. కౌంటరు మీదున్న కిల్ట్‌ని దగ్గరికి లాక్కుని, అస్తరు ఎత్తి పట్టుకుంది.

"తలుపు తీసే ఉంచు నాయనా. బెల్లాకి కూడా వినపడాలి."